పద్నాలుగో నంబరు ఫొటో

కిందటి వారం అద్దం మాస్టారిని ఫొటోగ్రాఫర్ల సంఘం హాల్లో వదిలేశాం. కుర్చీ వెనక్కి తోసి, లేచి నిలబడి, అందరి ముందూ సవాలు విసిరారాయన. "ఫొటో చూసి చెప్తాను, అది అద్దం ఉన్న కెమెరాతో తీసిందో లేనిదాంతో తీసిందో. తీసినవాళ్ళ పేరు నాకక్కర్లేదు. కాగితం చూపించండి, చాలు!"

ఆ మాట నోరు జారి వచ్చిందే. కానీ జారిన మాటని సంఘం సెక్రటరీ కింద పడనివ్వలేదు. "అయితే వచ్చే ఆదివారమే పెట్టేద్దాం మాస్టారూ!" అంటూ చేతులు రుద్దుకున్నాడు.

డీఎస్ఎల్ఆర్ కెమెరా లోపల చిన్న అద్దం ఉంటుంది. బటన్ నొక్కగానే టక్కుమని పైకి లేచి, మళ్ళీ కిందికి వాలుతుంది. కొత్తగా వచ్చిన మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఆ అద్దమూ లేదు, ఆ చప్పుడూ అక్కర్లేదు. ఇరవై రెండేళ్ళుగా ఫొటోగ్రఫీ పాఠాలు చెబుతున్న మాస్టారికి ఆ కొత్త కెమెరా పేరెత్తితే ఒళ్ళుమంట. అందుకే శిష్యులు వెనకాల ఆయన్ని అద్దం మాస్టారు అనేవాళ్ళు. కొన్నాళ్ళకి ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆయనకీ అది బిరుదులాగే అనిపించింది.

ఆ బిరుదు ఇంట్లో మాత్రం చెల్లలేదు. ఒకప్పుడు ఆయన క్లాసులో చివరి బెంచీ మీద కూర్చుని, తర్వాత ఆయన్నే పెళ్ళాడిన భార్య ఆర్నెల్ల కిందట మిర్రర్‌లెస్ కొనుక్కుంది. అదీ ఆయన్ని అడిగి కాదు. ఆయన దగ్గర నేర్చుకుని, ఆయన్ని దాటిపోయిన శిష్యుడొకడున్నాడు. ఎప్పుడు చూసినా గళ్ళచొక్కాలోనే కనిపిస్తాడు కాబట్టి అందరికీ అతను గళ్ళచొక్కా. ఆ కెమెరా అతని సలహా మీదే కొంది. ఇద్దరూ హాల్లో ఒక మూల కూర్చుని ఆ కెమెరాలోని మీటలన్నీ తిప్పి చూస్తూ నవ్వుకుంటుంటే, ఇవతల పాఠం చెబుతున్న మాస్టారికి తన మాట తనకే వినిపించేది కాదు.

ఈ ఆదివారం పరీక్షకి ఇంకో సంగతి తోడైంది. రేవులో ఉన్న ఓడల మరమ్మతు యార్డు ఏడాదిలో మూతపడబోతోంది. మూతపడేదాకా దాన్ని రోజూ ఫొటోలు తీసి పుస్తకంగా వెయ్యాలని ఒక పెద్ద పత్రిక పూనుకుంది. సంఘం సభ్యులంతా పోయిన నెల ఎవరికి వీలైన రోజు వాళ్ళు యార్డుకి వెళ్ళి తీసుకొచ్చిన ఫొటోల్లోంచి తనకి కావలసిన మనిషిని ఎంచుకోవడానికి ఆ పత్రిక ఎడిటరమ్మ స్వయంగా వస్తోంది. మాస్టారికి ఆ పని కావాలి. ఎంతగా కావాలంటే, ఆ మాట పైకి అంటే ఎక్కడ చెయ్యి జారిపోతుందోనని భార్యతో కూడా అనలేదు.

భార్య కూడా తను ఏ ఫొటో పెట్టిందో ఆయనకి చూపించలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి హాల్లో కుర్చీలు చాలలేదు. రెండు పొడుగు బల్లలు కలిపి, మీద తెల్ల కాగితం పరిచి, ఇరవై ఫొటోలు వరసగా పెట్టారు. అన్నీ ఒకే సైజు, అన్నీ నలుపు తెలుపు. మూలన నంబరు తప్ప ఇంకేం లేదు. ఎవరు ఏ కెమెరాతో తీశారో రాసిన కాగితం అంటించిన కవరులో సెక్రటరీ జేబులో ఉంది. ఆ జేబుని ఆయన రెండు నిమిషాలకోసారి తడుముకుంటున్నాడు.

ముందు ఎడిటరమ్మ ఒక్కతే చూస్తుంది. ఆమె చూడటం అయ్యాక మాస్టారు ఒక్కో ఫొటో దగ్గరా నిలబడి, అద్దమా కాదా, ఎందుకలా అనుకుంటున్నారో చెప్పాలి. అదీ ఒప్పందం.

ఎడిటరమ్మకి యాభై దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తోంది. అందరూ ఫొటోలవైపు చూస్తుంటే మాస్టారు ఆమె పాదాలవైపు చూస్తున్నారు. మూడో నంబరు దగ్గర ఆగి తల ఊపింది. ఏడో నంబరు మాస్టారిది. దాని దగ్గర బస్సు నంబరు చూసుకున్నంతసేపు నిలబడి "బాగుంది" అని కదిలింది.

పద్నాలుగు దగ్గర ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. వంగి చూసింది. పదిహేనుకి వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ పద్నాలుగే చూసింది.

మాస్టారు ఆ ఫొటోవైపు మెడ చాచారు. ఎవరిదది?

ఆయన వంతు వచ్చింది. మొదట్లో భలే హుషారుగా సాగింది. "ఒకటో నంబరు మిర్రర్‌లెస్. వంటింట్లో ఉప్పయిపోయినట్టుంది, చప్పగా ఉంది" అంటే హాలంతా నవ్వింది. మూడో నంబరు దగ్గర ఆయన గొంతు లేచింది. ఓడ పక్కన వేలాడే తాడు నిచ్చెన మీద ఒక వెల్డరు, అతని ముఖం మీద రవ్వల వెలుగు. "ఇది అద్దం! ఇందులో నాకు అనుమానమే లేదు. వ్యూఫైండర్‌లోంచి అసలు వెలుగుని సొంత కంటితో చూసినవాడే ఇలా తియ్యగలడు. అగ్గిపెట్టెంత టీవీ తెర మీద చూసి తీసేవాడికి ఇది చిక్కదు. ఎవరు తీశారో గానీ, చెయ్యి కలపాలనుంది."

ఏడో నంబరు దగ్గర పొడిగా "అద్దం" అని దాటేశారు. యార్డులో పనిచేసే ఒక ముసలి వెల్డరు ముఖం అది, దగ్గర్నుంచి తీసింది. ముడతల్లో మసి, కనుబొమల మీద చెమట. తన ఫొటో గురించి తనే మాట్లాడటం బాగోదు కదా.

పద్నాలుగు దగ్గరికి వచ్చి వంగారు.

ఏడో నంబరులోని ముసలి వెల్డరే. కానీ ఈ ఫొటోలో అతను చాలా కింద, ఒక మూలకి ఉన్నాడు. చెక్కపెట్టె మీద కూర్చుని, చేతితొడుగులు విప్పి, తన అరచేతులు చూసుకుంటున్నాడు. అతని తలపైన, ఫొటోలో ముప్పాతిక వంతు, ఓడ అడుగుభాగం. నల్లగా, వంపు తిరిగి, ఎక్కడా ఏ గుర్తూ లేకుండా, అంత బరువూ ఆ మనిషి తల మీద ఆగి ఉంది. ఇప్పుడో ఇంకాసేపటికో దిగుతుందన్నట్టు.

మాస్టారి చూపుడు వేలు దానంతటదే ముక్కు కిందికి వెళ్ళింది.

ఎవరు తీశారో ఆయనకి తెలిసిపోయింది. మనుషుల తల మీద ఇంతేసి జాగా వదిలే అలవాటు ఆయన ఎరిగున్నవాళ్ళలో ఒక్కరికే ఉంది. క్లాసులో ఎర్ర పెన్సిలు పెట్టి ఆ జాగా అంతా ఆయనే కొట్టేసేవారు. "ఇంత ఖాళీ ఎందుకమ్మాయ్, పక్షులకా?" అని అందరి ముందూ అంటే ఆ అమ్మాయి నవ్వి ఊరుకునేది. ఆ తర్వాత ఫొటోలోనూ అంతే వదిలేది. పెళ్ళయ్యాక కూడా వదిలింది.

ఇరవై ఫొటోల్లో ఇదే గొప్పదని ఆయనకి తెలుసు. అది తెలిసిన మరుక్షణం, వేడినీళ్ళు మింగినట్టు గొంతు నుంచి కిందిదాకా కాలుతూ ఏదో దిగింది. మూడో వరసలో కూర్చున్న భార్యవైపు ఆయన చూడలేదు. గళ్ళచొక్కా ఆమె వెనక కుర్చీలోనే ఉన్నాడు. అతనికి ముందే చూపించి ఉంటుంది. ఇద్దరూ కూర్చుని చూసుకుని ఉంటారు. తనకి మాత్రం చూపించలేదు.

"మిర్రర్‌లెస్" అన్నారు మాస్టారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇంకోలా నడిచేది. ఆగలేదు. "నూటికి నూరుపాళ్ళూ మిర్రర్‌లెస్. చల్లగా ఉంది చూడండి, చెయ్యి పెడితే ఇనుము తగిలినట్టు. దీన్ని మనిషి తియ్యలేదు, యంత్రం తీసింది. కూర్చున్నవాడు ఎవరో, వాడి కష్టమేమిటో తీసినవాళ్ళకి పట్టనే లేదు. పైనంతా ఖాళీ. ఏం తియ్యాలో తెలియనప్పుడే ఇంత ఖాళీ వదుల్తారు. మా క్లాసులో మొదటి నెల పిల్లలు చేసే తప్పిది."

హాల్లో ఎవరో "నిజమే" అన్నారు. ఎడిటరమ్మ కాసేపు మాస్టారి ముఖంలోకి చూసింది. తర్వాత పద్నాలుగో నంబరుని తీసి, వద్దన్నట్టు పక్కన పెట్టేసింది.

మాస్టారికి హాయిగా అనిపించింది. ఆ హాయి పదిహేనో నంబరు దాకా కూడా నిలవలేదు.

*

సెక్రటరీ కవరు చింపాడు. మాస్టారు సరిగ్గా చెప్పినవి ఇరవైలో తొమ్మిది. "కళ్ళకి గంతలు కట్టుకున్నా పది వచ్చేవి కదా మాస్టారూ!" అని ఎవరో వెనక నుంచి అరిచారు. ఆ తొమ్మిదిలో ఒకటి సొంత ఫొటో అని తేలాక నవ్వులు ఇంకా పెరిగాయి. మూడో నంబరు మిర్రర్‌లెస్, తీసింది గళ్ళచొక్కా. అతను పాపం లేచి, చెయ్యి కలపడానికి రావాలో వద్దో తెలియక సగం దూరంలో నిలబడిపోయాడు.

"పద్నాలుగు..." అని సెక్రటరీ కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "డీఎస్ఎల్ఆర్. పదేళ్ళ కిందటి మోడల్. మాస్టారూ, మీ పాతదీ ఇదే కదూ? తీసింది..."

ఆగిపోయాడు. ఆయన చూపు మూడో వరసకి వెళ్ళింది. దాని వెంట హాలంతా అటు తిరిగింది.

భార్య లేచి నిలబడింది. "నేనేనండీ" అంది. సాయంత్రం కూరలేం తేవాలో చెప్పినంత మామూలుగా.

ఎడిటరమ్మ కళ్ళజోడు కిందికి వదిలేసి, "మాస్టారూ, ఇది మీ ఆవిడ తీసిందని మీకు తెలియదా?" అని అడిగింది.

అంతా చూస్తున్నారు. గళ్ళచొక్కా చూస్తున్నాడు.

"తెలియదండీ" అన్నారు మాస్టారు.

*

హాలు నుంచి ఇంటికి నాలుగు వీధులు. దారిలో ఆమె సంచీ మోస్తానని ఆయన చెయ్యి చాపారు. "బరువేం లేదులెండి" అంది. అది కెమెరా గురించో ఇంకేదాని గురించో ఆయనకి అర్థం కాలేదు. మూడంతస్తుల మెట్లు ఆమె ముందు, ఆయన వెనక ఎక్కారు.

ఇంట్లో ముందుగదిలోనే అద్దాల బీరువా ఉంది. తేమ తగలకుండా కెమెరాలన్నీ అందులో ఉంటాయి. పైఅర ఆయనది, కిందిది ఆమెది. ఆమె సంచీలోంచి ఆయన పాత కెమెరా తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, పైఅరలో దాని చోట పెట్టింది. మూసి, అక్కడే నేల మీద కూర్చుంది.

"నా కెమెరా అడక్కుండా తీసుకెళ్ళావా?" అన్నారు మాస్టారు. మాట మొదలుపెట్టడానికి ఆయనకి అంతకంటే మంచిది దొరకలేదు.

"తీసుకెళ్ళాను. ఆ రోజు యార్డులో నా బ్యాటరీలు రెండూ మధ్యాహ్నానికే అయిపోయాయి. అయిపోతాయని మీరు ఎప్పట్నుంచో అంటున్నారుగా, అందుకే తోడుగా ఉంటుందని సంచీలో వేసుకున్నా. మీరన్నది నిజమే. మీది ఆ తర్వాత సాయంత్రం దాకా ఒక్క బ్యాటరీతో లాగింది. ఈవాళ హాల్లో కవరు చింపాక ఈ కెమెరా చూపించి ఆ మాట అందరి ముందూ చెబుదామనే మళ్ళీ తీసుకొచ్చా. మీరు సంతోషిస్తారని."

మాస్టారు కుర్చీలో కూర్చున్నారు.

"అద్దం చప్పుడుకి ఆ ముసలాయన తలెత్తలేదా?" అని అడిగారు. అడిగాక తెలిసింది, ఇప్పుడది అడగాల్సింది కాదని. కానీ నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"ఎత్తాడు. రెండో ఫొటోలో నన్నే చూస్తున్నాడు. నేను మొదటిది పెట్టాను." ఆమె కాళ్ళు ముడుచుకుని మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుంది. "ఒక్కటడుగుతాను మాస్టారూ. పద్నాలుగు నాదని మీకు తెలుసు కదూ?"

"తెలియదని హాల్లోనే చెప్పాను."

"హాల్లో చెప్పింది ఎడిటర్ గారికి. నాకు చెప్పండి."

"నంబర్లు వేసి పేర్లు దాచిన ఫొటోల్లో నీదేదో నాకెలా తెలుస్తుంది? సోదె చెప్పేవాణ్ణా?"

"నా ఫొటో చూసినప్పుడల్లా మీరు ముక్కు కింద వేలు పెట్టుకుంటారు. పద్నాలుగేళ్ళుగా చూస్తున్నా. క్లాసులో కూడా అంతే. ఇంకెవరి ఫొటోకీ పెట్టరు. ఇవాళ ఇరవై ఫొటోలు చూశారు. ఒక్కదాని దగ్గరే పెట్టారు."

మాస్టారు తన చేతివైపు చూసుకున్నారు. ఆ వేలిని ఏం చెయ్యాలో తెలియనట్టు పిడికిట్లో దాచుకున్నారు.

"తిట్టండి. నాకేం బాధ లేదు. ఎర్ర పెన్సిలుతో కొట్టెయ్యండి, అది మీ పని, నేను దానికే పడి మీ దగ్గర చేరాను. కానీ నాదని తెలిసి, బాగుందని తెలిసి, బాలేదన్నారే... అది మీరెప్పుడూ చెయ్యలేదు. నేను ఏడ్చినా సరే ఉన్నది ఉన్నట్టే చెప్పేవారు. నాకు మీలో నచ్చిందే అది."

ఆమె గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే ఆయనకి తేలికయ్యేది. ఎదురు అరిచి తలుపు వేసుకునేవారు.

"తెలుసు" అన్నారు చివరికి.

"ఏమిటి తెలుసు?"

"నీదని తెలుసు. తెలిసే అన్నాను. వంగగానే తెలిసింది."

ఆమె తల దించుకుంది. నిజం చెప్పమని అడిగినవాళ్ళకి కూడా నిజం వినేటప్పుడు ఒక చిన్న దెబ్బ తగులుతుంది.

"ఏడో నంబరు నాది" అన్నారు మాస్టారు. "అదే మనిషి. నువ్వు వెళ్ళడానికి వారం ముందు వెళ్ళాను. అదే చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. నేను గబగబా దగ్గరికెళ్ళి ముఖం తీశాను. పైన అంత ఓడ ఉంది చూడు, అది నాకు కనపడనేలేదు. ఈవాళ నీ ఫొటోలో చూసేదాకా అక్కడ ఓడ ఉందనే నాకు గుర్తు లేదు."

"అందుకని కుళ్ళా? నేను బాగా తీశాననా?"

"బాగా తీస్తే గొప్పే చెప్పుకునేవాణ్ణి, నా దగ్గర నేర్చుకుందని." ఆయన నవ్వబోయారు, రాలేదు. "నేను నేర్పింది అందులో ఏముందో చెప్పు. నేను నేర్పినవాటిల్లో ఒక్కటీ లేదు. నేను ఏడాదంతా తప్పని కొట్టేసిందే ఉంది. అదే ఆ ఫొటోకి ప్రాణం. ఆ కొత్త కెమెరాతో తీసుంటే, పోనీలే యంత్రం తీసిందని సర్దిచెప్పుకుందామని చూశాను. అదీ లేకుండా చేశావు. నా కెమెరాతోనే తీశావు."

"మరి గళ్ళచొక్కా సంగతేంటి? వాడి గురించి వారం నుంచీ మీరు ఇంట్లో గిన్నెలు విసిరినంత పని చేస్తున్నారు."

"అతనికి ముందే చూపించావా?"

"లేదు."

"నిజంగా?"

"ఎవరికీ చూపించలేదు. మీకు చూపించని ఫొటో నేను ఇంకెవరికి చూపిస్తాను?"

మాస్టారికి ఆ మాట వినగానే కళ్ళు చెమర్చాయి. వెంటనే, దాని కిందనుంచే, ఇంకో ఆలోచన తల ఎత్తింది: మరి నాకెందుకు చూపించలేదు? ఈ పాడు మనసుకి ఎంత పెట్టినా ఆకలి తీరదని ఆయనకే విసుగేసింది.

ఆమె లేచింది. "నన్నిప్పుడు ఏమీ అడక్కండి. ఫర్వాలేదని అనాలని ఉంది, నోరు రావడం లేదు. ఆ ఎడిటర్ గారు ఊరు వెళ్ళేలోపు మీరే ఆవిడకి నిజం చెప్పండి. ఆ పని నాకు రావాలని కాదు. ఆ ఫొటో మీద మీరు వేసిన మచ్చ మీరే తుడవాలి." ఆరేసిన బట్టలు తియ్యడానికి బాల్కనీలోకి వెళ్ళిపోయింది.

*

గోడ గడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది. బీరువా పక్కన బల్లమీద ఆమె ఫోన్ మోగింది. మాస్టారు తొంగి చూశారు. ఎడిటరమ్మ పేరు.

ఇదీ ఒకందుకు మంచిదే అనుకున్నారు. ఆలోచిస్తే ధైర్యం జారిపోతుంది. ఫోన్ తీసి, అవతలి గొంతు వినకుండానే మొదలుపెట్టారు. "మేడమ్, నేను మాస్టారిని. మీకు అబద్ధం చెప్పాను. పద్నాలుగు మా ఆవిడదని నాకు తెలుసు. అది చాలా గొప్ప ఫొటో. కుళ్ళుకుని అలా మాట్లాడాను. మీరు దాన్ని పక్కన పెట్టకండి."



"నాకు తెలుసు మాస్టారూ" అంది ఎడిటరమ్మ. "హాల్లోనే చెబుతారేమోనని అడిగాను. చెప్పి ఉంటే ఎంత బాగుండేది!"

"ఆ పని ఆమెకే ఇవ్వండి మేడమ్."

"ఆమెకి నేను ఇచ్చి నెలరోజులైంది."

మాస్టారికి అర్థం కాలేదు.

"యార్డు పని ఒక్కరివల్ల కాదు, ఇద్దరు కావాలి. మొదటి మనిషి మీ ఆవిడ, అది ఎప్పుడో అయిపోయింది. రెండో మనిషిగా మిమ్మల్ని చూడమని ఆమే అడిగింది. తన సిఫారసని తెలిస్తే మీరు ఒప్పుకోరట, అందుకని మీకు చెప్పొద్దంది. మీ సంఘానికి నేను వచ్చింది మీకోసమే. ఏడాదిపాటు ఇద్దరూ ఒకరి ఫొటో ఒకరు చూసి నిజం మాట్లాడుకోవాలి కదా, ఆయన మాట్లాడతారా అనడిగాను. మావారికి లక్ష లోపాలున్నాయి గానీ ఫొటో విషయంలో అబద్ధమాడరు, అంది."



"మరి నా బదులు ఎవర్ని తీసుకుంటున్నారు?" ఆ ప్రశ్న ఆయన అడగలేదు, లోపలున్నదేదో అడిగింది.

"మూడో నంబరు అబ్బాయిని. మీరే చెయ్యి కలుపుతానన్నారుగా." ఆవిడ గొంతులో వెటకారం లేదు. "రేపు పొద్దున్నే యార్డులో మొదలు. లోపలికి వెళ్ళేవాళ్ళ పేర్లు ఏడింటికల్లా మేనేజరుకి పంపాలి. మీరు లేకుండా ఆమె వస్తుందో రాదో నాకు తెలియదు. ఏడు లోపల నాకు ఫోన్ చెయ్యమని చెప్పండి. ఫోన్ రాకపోతే ఆ అబ్బాయొక్కడి పేరే పంపేస్తాను. చెబుతారు కదూ?"

"చెప్తాను మేడమ్."

ఫోన్ పెట్టేశారు. ఆరూ ఇరవై ఏడు. బాల్కనీలోంచి ఆమె ఎవరితోనో ఏదో అనడం వినిపించింది, బట్టల క్లిప్పులు డబ్బాలో పడటం వినిపించింది. మాస్టారి కళ్ళముందు ఏడాది కనిపించింది. పొద్దున్నే ఆమె సంచీ తగిలించుకుని వెళ్ళడం, గళ్ళచొక్కా గేటు దగ్గర ఎదురుచూడటం, ఓడ నీడలో ఇద్దరూ కూర్చుని ఒకే తెరలోకి వంగి చూసుకోవడం, సాయంత్రం ఆమె ఇంటికొచ్చి అలసటగా నవ్వడం. తను ఇక్కడ, ఈ కుర్చీలో. ఎవరికీ ఏమీ కాదు. ముప్పై మూడు నిమిషాలు ఊరికే కూర్చుంటే చాలు. ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే కూర్చోవాలంతే.

చేతినిండా బట్టలతో ఆమె లోపలికొచ్చింది. "నా ఫోనేనా మోగింది? ఎవరండీ?"

మాస్టారు ఫోన్‌ని బల్లమీద బోర్లా పెట్టారు.

"సెక్రటరీ" అన్నారు. "కుర్చీల లెక్కేదో తేలలేదట, ఊరికే చేశాడు."

ఆమె నడుస్తున్నదల్లా ఆగింది. బట్టలు ఒక్కొక్కటే కుర్చీ వీపు మీద వేసింది. ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత బల్లమీది ఫోన్‌ని చూసింది. అంత నెమ్మదిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

"సెక్రటరీ గారు కింద స్కూటరు ఆపుకుని పది నిమిషాల్నుంచీ నాతోనే మాట్లాడుతున్నారు మాస్టారూ. మీతో ఏదో చెప్పాలట. పైకి రమ్మన్నాను."

మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపించింది. రెండో అంతస్తు దాటింది. ఆమె ఫోన్ మీదికి చెయ్యి చాపింది. మాస్టారి చెయ్యి అంతకంటే ముందే దాని మీద ఉంది.